మన బాస ఎవరికి తెలుసు

“నువ్వేటీ బయపడకక్కా. మన బాస ఈ ఆటోలో ఎవులికి తెలుసు?” అని ఫోన్లో గట్టిగానే అంది ఆ అమ్మాయి. “నానైతే ఇల్లొగ్గీసి వచ్చీసినాను. ఇంక ఎనక్కెల్లను.”

పక్క సీట్లో ఉన్న పోలరాజు ఒళ్ళోని స్టీలు ప్లాంటు హెల్మెట్‌ని దగ్గరికి లాక్కున్నాడు. కద్మాలో ఎక్కేటప్పుడు డ్రైవరుతో హిందీలో బేరమాడిన పాపానికి, ఆ పిల్ల అతన్ని కూడా బిహారీల్లో జమకట్టేసింది. జంషెడ్‌పూర్‌లో మనవాళ్ళకి ఇదొక ధీమా. తెలుగులో చెబితే చాలు, తలుపులు బిడాయించుకుని చెప్పినట్టే అనుకుని ఇంటిగుట్టంతా షేర్ ఆటోలో విప్పేస్తారు.

నేనూ తెలుగువాణ్ణేనమ్మా అని చెప్పేద్దామనుకున్నాడు పోలరాజు. నోరు తెరిచేలోగానే ఆలస్యమైపోయింది.

“నా మొగుడు బెల్టుతోటి కొట్టినాడక్కా. ఏటి తప్పు సేసినాను? పక్కింటి సూర్యం బాబాయితో నవ్వుతా మాట్నాడినాను, అంతే. మర్నాడు జిలేబీలట్టుకొచ్చి కాల్ల కాడ కూకున్నాడు. నువ్వు కోపం తెప్పించకపోతే నానెందుకు కొడతానని ఏడిసినాడు. పెతీసారీ ఇదే వరస. నానూ నమ్మీసేదాన్ని.”

పోలరాజు తల దించుకున్నాడు. పరాయి ఆడపిల్ల పడగ్గదిలోకి దొంగచాటుగా తొంగి చూసినట్టు సిగ్గేసింది. చెవులు మూసుకుందామంటే చేతులు రాలేదు. ప్రతి మాటా లోపలికి దిగుతూనే ఉంది.

అసలే అతనికి కాళ్ళకింద నిప్పులున్నట్టుంది. భార్య కాంతం ఊరెళుతోంది. రైలు కదిలేలోగా అందుకోవాలని డ్యూటీ మధ్యలో బయటపడ్డాడు. ఆటో చూస్తే జుగ్సలాయి బజారులో, గోదాము ముందు సరుకు దింపుతున్న లారీ వెనక ఇరుక్కుని అంగుళం కదలడం లేదు.

అమ్మాయి ఫోన్ మళ్ళీ మోగింది. మొగుడే, హిందీవాడు. పేరు చూడగానే ఆమె హిందీలోకి మారింది.

“హా జీ... మార్కెట్ మే హూఁ. సాడీ కా ఫాల్ లేనే...”

“మార్కెట్? వీడియో చాలూ కరో!” అటునుంచి వచ్చిన కేక డ్రైవరుకి కూడా వినపడింది. “దుకాన్ దిఖావో! అభీ!”

కత్తివాటుకి నెత్తుటిచుక్క లేదు ఆ పిల్ల ముఖాన. వీడియో పెట్టి కొట్టు చూపించాలట. పెడితే ఆటో కనిపిస్తుంది, కాళ్ళ దగ్గర బ్యాగు కనిపిస్తుంది. పెట్టకపోతే మోటార్ సైకిలేసుకుని మనిషే దిగుతాడు. అటు చూస్తే గొయ్యి, ఇటు చూస్తే నుయ్యి.

పోలరాజు ఒక్క ఉదుటున దిగాడు. పక్కనే బట్టల కొట్టు, బయట తాళ్ళకి చీరలు వేలాడుతున్నాయి. రమ్మని ఆమెకి సైగ చేశాడు. ఎందుకో తెలియకుండానే ఆమె దిగింది. ఫోన్ చీరల వైపు తిప్పమన్నట్టు చూపించి, తన ముఖం పడకుండా పక్కకి జరిగి, కొట్టువాడిలా గొంతు మార్చాడు.

“దేఖియే బహన్‌జీ, యే లాల్ వాలా! ఫాల్ భీ మిల్ జాయేగా, సస్తే మే!”

అంతటితో ఆగలేదు. అనుమానం మొగుళ్ళు ఎక్కడ నమ్ముతారో, ఎక్కడ నమ్మరో అతనికి తెలుసు. “ఆప్‌కే సాథ్ కోయీ నహీఁ ఆయా? అకేలీ హైఁ?” అని కూడా అడిగాడు. ఎవరూ రాలేదు, ఒక్కదాన్నే అంది అమ్మాయి. అసలు కొట్టువాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

“జల్దీ ఘర్ ఆవో,” అని, త్వరగా ఇంటికి రమ్మని కసిరి మొగుడు ఫోన్ పెట్టేశాడు.

ఆమె పోలరాజు వైపు తిరిగింది. “ఆప్...?”

“ఎక్కు తల్లీ, బేగి ఎక్కు. రైలెల్లిపోద్ది,” అన్నాడతను అచ్చ తెలుగులో.

ఆమెకి అంతా అర్థమైపోయింది. బెల్టూ, జిలేబీలూ, అన్నీ ఈయన చెవిన పడ్డాయి. చున్నీని మెడచుట్టూ బిగించి చుట్టుకుంది. “అన్నీ ఇనీసినారేటన్నయ్యా? సిగ్గుతో సచ్చిపోతన్నాను.”

“నీకెందుకమ్మా సిగ్గు? సిగ్గుపడాల్సినోడు ఏరే ఉన్నాడు.”

ఆ మాట అన్నాక పోలరాజు ఆమె వైపు చూడకుండా ఆటోలో రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

లారీ ఎట్టకేలకు పక్కకి తప్పుకుంది. ఆటో స్టేషన్ వైపు పరుగందుకుంది. తన పేరు బిందుప్రియ అనీ, విజయనగరంలో అక్క దగ్గరికి వెళుతున్నాననీ చెప్పిందామె. “మరి మీరెక్కడికన్నయ్యా?”

“అదే రైలుకి. మా ఆవిడెల్తంది.”

“ఎక్కించడానికా?”

పోలరాజు డ్రైవరుని తొందరపెట్టాడు.

ప్లాట్‌ఫారం చేరేసరికి సిగ్నల్ ఇచ్చేశారు. ఆమె బ్యాగు భుజానేసుకుని జనాన్ని తోసుకుంటూ ముందు అతను, వెనక ఆమె. ప్లాంటు నుంచి బయలుదేరినప్పుడు కాంతంతో అనాలని పళ్ళబిగువున దాచుకున్న మాటలు ఒక్కటీ ఇప్పుడు నోటికి రావడం లేదు. ఏం మొహం పెట్టుకుని కాంతం ముందు నిలబడాలో తెలియలేదు. ముందీ పిల్లని గట్టెక్కించాలి, అంతే అనుకున్నాడు. ఆడవాళ్ళ పెట్టె కనపడగానే ఆమెని ఎక్కించి, బ్యాగు లోపలికి అందించాడు.

రైలు చిన్నగా కదిలింది. బిందుప్రియ కిటికీ ఊచలకి ముఖం ఆనించింది. ఆ పిల్ల నవ్వడం అతను చూడటం అదే మొదలు.

“అన్నయ్యా! ఇక్కడ మన తెలుగావిడే ఉన్నాది, జరిగి సోటిచ్చింది. నాకింక బయం నేదు. మీలాటి మనిసి దొరికినాడంటే మా వదినెంత అదురుష్టవంతురాలో!”

పోలరాజు కిటికీ పక్కనే నడుస్తూ, “జాగర్తమ్మా,” అన్నాడు.

ఆ గొంతు వినపడగానే, బిందుప్రియ పక్కన కూర్చున్న కాంతం దెబ్బ కాచుకోవడానికి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.