ఇరవై మూడు ఫైళ్ళ తనిఖీ

పసిపిల్లల్ని చూసుకోమని ఒక మనిషికి చెప్పి, ఆ మనిషి కళ్ళకు కాగితాలు కట్టిన పెద్దలారా, ఇది మీ నిర్వాకం! ఆఫీసులో కూర్చుని ఫారం మీద ఫారం అచ్చేశారు. మీలో ఒక్కరైనా ఒక్క రోజు ఒక పసివాడి ముక్కు తుడిచారా?

లోరెయిన్ హెప్‌వర్త్ ఇంగ్లండులోని మా బార్న్స్‌లీలో తన ఇంట్లోనే ముగ్గురు పిల్లల్ని చూసుకుంటుంది. మైసీ, ఆస్కార్, రూబెన్. ముగ్గురిలో ఎవరికీ మూడేళ్ళు నిండలేదు. తల్లులు పొద్దున్నే దింపేసి డ్యూటీలకు పరిగెడతారు. ఆమె ఈ పని మొదలుపెట్టి పది నెలలైంది. మంగళవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. రేపు తొమ్మిదింటికి తొలి తనిఖీ.

తనిఖీ తప్పితే లైసెన్సు పోతుంది. ముగ్గురు తల్లులు ఉద్యోగాలు మానుకుని ఇంట్లో కూర్చోవాలి.

లోరెయిన్ వంటింటి బల్ల మీద ఫైళ్ళు పరిచింది. ఇరవై మూడు! కుక్కల గురించి ఒక ఫైలు. ఆ ఇంట్లో కుక్క లేదు. లేదని రాసి సంతకం పెట్టడానికి ఆ ఫైలు. కోడిగుడ్డుకు ఈకలు పీకే జాతి కదా మీది!

మొగుడు కీత్ బస్సు డ్యూటీ దిగి వచ్చి కాగితాలకు చిల్లులు పొడుస్తున్నాడు.

"యాభై మందిని ఎక్కించుకుని తిరుగుతాను నేను. నన్నిన్ని కాగితాలు ఎవడూ అడగలేదే!"

"నువ్వు నోరు మూసుకుని చిల్లులు పొడువయ్యా."

ఒక్కో బిడ్డ గురించీ ఎలా ఎదుగుతోందో రాయాలట. పిల్లల్ని చూస్తూ కూర్చుంటే రాసేదెప్పుడు? పక్కవీధి డెనీస్ నిరుడు తనిఖీ గట్టెక్కింది. ఆమె ఫైళ్ళు తెచ్చుకుని చూసి ఎక్కించేస్తోంది లోరెయిన్.

కీత్ ఒక కాగితం పైకెత్తాడు. "రూబెన్ ఫైల్లో 'పాపీకి మాటలు వయసుకు తగ్గట్టే వస్తున్నాయి' అనుంది. పాపీ ఎవరే?"

"డెనీస్ దగ్గరి పిల్ల. వైట్‌నర్ పూసి రూబెన్ అని రాసెయ్."

"మిగతాది?"

"మిగతాది అలాగే ఉంచు. బాగానే ఉందిగా!"

అప్పుడే రూబెన్ వచ్చి ఆమె చొక్కా చెయ్యి లాగాడు. చేతిలో ఆడుకునే ఎర్ర దిమ్మె ఉంది.

"ఉండు నాన్నా, నీ గురించే రాస్తున్నా," అంది లోరెయిన్, తల తిప్పకుండా.

వాడు ఇంకోసారి లాగి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.

నాలుగింటికి గుర్తొచ్చింది, అగ్నిప్రమాదం డ్రిల్లు ఈ నెల చెయ్యనే లేదు! కీత్ చీపురు కర్రతో పైకప్పు మీది అలారం నొక్కాడు. ఇల్లు అదిరిపోయింది. మైసీ ఏడుపు లంకించుకుంది. ఆస్కార్ కీత్ కాలికి చుట్టుకుపోయాడు. రూబెన్ మాత్రం గోల చెయ్యకుండా, లోరెయిన్ వచ్చి చెయ్యి పట్టుకోగానే లేచి ఆమె వెంట పెరట్లోకి నడిచాడు.

"ఇలాంటి వాళ్ళు ముగ్గురుంటే నా బతుకు బాగుపడును," అంటూ లోరెయిన్ రాసుకుంది: రూబెన్ చక్కగా సహకరించాడు.

మర్నాడు సరిగ్గా తొమ్మిదింటికి బెల్లు మోగింది. మైసీ, ఆస్కార్ తలుపు దగ్గరికి ఉరికారు. రూబెన్ దిమ్మెలు పేరుస్తూనే ఉన్నాడు. లోపలికి వచ్చిన తనిఖీ అధికారి మిసెస్ థ్రెల్‌ఫాల్ కోటైనా విప్పకుండా చేతిలోని ట్యాబులో టక్కున టైపు చేసింది: మంచి ఏకాగ్రత.

ఆ మహాతల్లి రెండు గంటలు కూర్చుంది. అందులో గంటన్నర ఫైళ్ళతోనే.

"డ్రిల్లు నెలనెలా చేస్తున్నారా?"

"ఫైల్లో ఉంది మేడమ్."

"ఆఁ, ఉంది." ఆవిడ ముఖం వెలిగింది. ఫైల్లో ఉంటే లోకంలో ఉన్నట్టే!

తర్వాత పాట పాడించమంది. లోరెయిన్ పాడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రూబెన్ మైసీ చేతులు చూసి, రవ్వంత వెనగ్గా కొట్టాడు. 'తోటివాళ్ళను చూసి నేర్చుకుంటున్నాడు' అని ఆవిడ అదీ ఎక్కించింది.

"నీకే రంగు ఇష్టం, బుజ్జీ?" అని వంగి అడిగింది.

రూబెన్ ఆవిడ పెదాల వంక చూసి నవ్వాడు.

"కొత్తవాళ్ళంటే కాస్త సిగ్గు, మేడమ్," అంది లోరెయిన్.

"ఉండాలి మరి," అని ఆవిడ రూబెన్ ఫైల్లో మాటల గురించి రాసిన కాగితం తీసింది. వయసుకు తగ్గట్టే వస్తున్నాయి. టిక్కు పెట్టింది. ఉత్తమం అని తేల్చి, రెండు బిస్కెట్లు తిని పోయింది.

సాయంత్రం రూబెన్ తల్లి కెల్లీ వచ్చింది. కాగితాల అడుగున తన సంతకం కావాలంటే నిలువుకాళ్ళ మీదే పెట్టేసింది.

"మీవాడు పరువు నిలబెట్టాడమ్మా! అంత నిమ్మళమైన పిల్లాణ్ణి నేను చూళ్ళేదు."

"ఇంట్లోనూ అంతేనండీ," అని కెల్లీ మురిసిపోయింది. "టీవీ ఎంత మోగినా సరే, పడుకున్నాడంటే కదలడు."

అయ్యా, అమ్మా, టిక్కులు పెట్టిన పెద్దలారా, మీ ఇరవై మూడు ఫైళ్ళూ అవతల పారేసి ఇవాళే, ఇప్పుడే రూబెన్‌ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, వాడికి మీ మాట ఒక్కటంటే ఒక్కటి కూడా వినబడటం లేదు!