సగం పాదం

"వచ్చేసింది! కుర్చీ నీకే వచ్చేసింది!"

సబ్బు చేతులతోనే ఫోనెత్తిన భర్త వంటింట్లోంచి కేక పెట్టాడు. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి ఫోను నిండా నురగ, అతని ముఖం నిండా నవ్వు.

రేడియో ఆర్కెస్ట్రాలో స్టీల్ గిటార్ వాయించే కుర్చీ అది. పరీక్షకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి తిండి సయించలేదు.

"రేపు పొద్దున్నే రికార్డింగట. అయితే నీ ఇస్త్రీ బల్లని మొయ్యాల్సింది నేనేనా?"

ఆ గిటార్‌ని అతను అలాగే పిలుస్తాడు. నాలుగు కాళ్ళ మీద బల్లలా పడుకుని ఉంటుంది మరి. తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించాలి. కింద ఎడమకాలితో శ్రుతులు మార్చాలి, కుడికాలితో వాల్యూమ్ పెడల్ తొక్కాలి.

ఆ వాల్యూమ్ పెడల్‌తోనే ఇప్పుడు చిక్కు. తొక్కినప్పుడల్లా గరగరమంటోంది. రికార్డింగ్‌లో ఆ గరగర పడితే, వచ్చిన కుర్చీ వచ్చినట్టే పోతుంది.

మధ్యాహ్నానికల్లా ఆమె వాద్యాల కొట్టులో ఉంది.

కొట్టంతా ఖాళీ. మూలన స్పీకరు పెట్టె పక్కన, తలుపు వైపే చూస్తూ ఒక పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర చిన్న సూట్‌కేసు. కుడి బూటు మడమ బాగా అరిగిపోయి ఉంది.

కొట్టతను రెండు పెడళ్ళు తెచ్చి పెట్టాడు. ఒకటి సన్నగా, నల్లగా తళతళలాడుతోంది. రెండోది మొద్దులా ఉంది.

ఆమె చెప్పు విడిచి సన్నదాని మీద పాదం పెట్టింది.

"చెప్పు తొడుక్కో," అన్నాడు పెద్దాయన.

"ఏంటండీ?"

"అక్కడ ఒట్టి కాళ్ళతో వాయిస్తావా? ఏ చెప్పుతో వాయిస్తావో దాంతోనే చూసుకోవాలి. ఇంకో మాట, పాదం ఊపకు."

ఇంకా మొదలే పెట్టలేదు, ఊపుతానని ఈయనకెలా తెలుసు అనుకుంటూ ఆమె కొట్టులోని గిటార్ ముందు కూర్చుంది. మీటింది.

పెద్దాయన స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"కుట్టుమిషన్ తొక్కుతున్నావా తల్లీ?"

ఆమెకి రోషమూ నవ్వూ కలిసి వచ్చాయి. పెద్దాయన కళ్ళు తెరిచేదాకా ఆగి అడిగింది.

"ఎలా తొక్కాలో మీరే చెప్పండి తాతగారూ."

"ముందు సగమే తొక్కి ఉంచు. తీగ మీటు. స్వరం సన్నబడటం మొదలవుతుంది చూడు, అప్పుడు మిగతా సగం మెల్లగా దించు. ఇది గట్టిగా వినిపించడానికని అనుకుంటారు అందరూ. కాదు. పోతున్నదాన్ని ఇంకాసేపు ఆపుకోడానికి."

సన్న పెడల్ అలా దించుతుండగానే అట్టడుగుకి తగిలి ఆగిపోయింది. మొద్దుది నింపాదిగా దిగింది. ఆరిపోబోయిన స్వరం ఆరిపోకుండా గది చివరిదాకా సాగింది.

"మొద్దుదే తీసుకో," అన్నాడు పెద్దాయన. ఆమె ముఖంలోకి చూస్తూ, "ఎక్కడ వాయిస్తావు?" అని అడిగాడు.

ఆమెకి నేల మీద కాలు నిలవడం లేదు.

"రేడియోలో! అక్కడో ముసలాయన ఉండేవాడట. చెవుడొచ్చినా కుర్చీ పట్టుకుని వేలాడాట్ట. ఎప్పుడు లేస్తాడా అని అందరూ చూశారట. ఎట్టకేలకి లేచాడు, నా దశ తిరిగింది!"

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వు రావడానికి కాస్త సమయం పట్టింది.

"మంచిదే అయింది. ఇంకొక్కసారి వాయించు," అంటూ మళ్ళీ పెట్టె మీద చెయ్యి ఆనించాడు.

"మావారు ఎదురు చూస్తుంటారు తాతగారూ!"

పెడల్ సంచీలో వేసుకుని ఆమె లేచింది. ఆయన పేరు అడగలేదు. తలుపు దాటుతూ వెనక్కి చూస్తే, మోగని పెట్టె మీద ఆయన చెయ్యి ఇంకా అలాగే ఉంది.

సాయంత్రం భార్యాభర్తలిద్దరూ గిటార్‌ని స్టూడియోకి చేర్చారు. కుర్చీ ముందు చెక్క నేల మీద ఒకచోట చిన్న గుంట. కుడికాలి మడమ ఏళ్ళ తరబడి ఆనితే పడ్డ గుంట. ఆమె కొత్త పెడల్ పెట్టి కూర్చుంది. మడమ సరిగ్గా ఆ గుంటలో పడింది.

"ఇదివరకు ఈ కుర్చీలో ఉన్నాయన పెడలూ ఇదే రకం," అన్నాడు పక్కనే నిలబడ్డ బ్యాండు మాస్టారు.

కొట్టులో చూసిన అరిగిన బూటు ఆమె కళ్ళ ముందు కదిలింది.

"ఆయన... స్పీకరు పెట్టె మీద చెయ్యి పెడతారా?"

"చెవులు పోయాక అలాగే వినేవాడు. నీకెలా తెలుసు?"

"మనం మాట్లాడితే వినబడుతుందా?"

"అస్సలు వినబడదు."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"వినబడక్కర్లేదమ్మా. ఎదురుగా ఉంటే చాలు, పెదవులు చూసి ఒక్క ముక్క వదలడు."

"ఆయన ఇల్లెక్కడండీ? రేపు రికార్డింగ్ కాగానే వెళ్తాను."

"ఇల్లు ఖాళీ చేసేశాడు. ఎవరూ లేని మనిషి. వాద్యాల కొట్టులో చిన్న పనుంది, అది చూసుకుని రైలెక్కుతానన్నాడు. ఏ ఊరో చెప్పలేదు."

మాస్టారు దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగాడు.

"రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్యి, మొదటి పాట నీదే. మేమంతా ఇంకొకరి పేరు చెప్పినా, పరీక్ష రోజున తెర వెనక నుంచి నిన్ను చూస్తూ, పెట్టె మీద చెయ్యి ఆనించి కూర్చుని, 'ఆ గరగర పెడల్ మార్చి, పాదం ఊపడం మానిపిస్తే చాలు, నా కుర్చీ ఆ పిల్లకే ఇవ్వండి' అన్నది ఆయనే."