గోళ్ల రంగు

"మొఖం చూసుడైంది. ఇగ చేతులు చూపియ్యి బిడ్డా" అంది లస్మవ్వ.

సక్కుబాయి రెండు చేతులూ ముందుకు చాపింది. పది గోళ్లూ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. గోరింటాకు ఎరుపు కాదది. సీసాలోంచి కుంచెతో తీసి పూసిన ఎరుపు.

పెళ్లికొడుకు దశరథం ఆ గోళ్లను చూసి కళ్లు తిప్పుకోలేకపోయాడు. అతని తల్లి లస్మవ్వ చూపు మాత్రం బొటనవేలి దగ్గర ఆగింది. ఆ గోరు మొదలుకంటా కత్తిరించి ఉంది.

"గిదేందే? గోరేది?"

కోరుట్ల చుట్టుపక్కల బీడీలు చేసే ఇళ్లలో పిల్లను చూడటమంటే సగం ముఖం చూడటం, సగం బొటనవేలి గోరు చూడటం. ఆకులో తంబాకు పోసి చుట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. బీడీ మూతిని లోపలికి మడిచేది మాత్రం పెంచిన గోరే. అది లేని పిల్లను ఆ ఇళ్లలో అడిగేవాళ్లు తక్కువ.

సక్కుబాయి తండ్రి మొండయ్యకు చెమటలు పట్టాయి.

"గిదంతా మా కోడలు చేసిన పని అక్కా" అంటూ తలుపు పక్కన నిలబడ్డ దేవవ్వను గుర్రుగా చూశాడు. అతని కొడుకు బొంబాయి మిల్లులో పనిచేస్తున్నాడు. కోడలు మొన్ననే అక్కణ్నుంచి వచ్చింది, ఒక రంగు సీసా, ఒక చిన్న కత్తెర వెంటబెట్టుకుని.

"నా తప్పేం లేదు మామా, సక్కుబాయే అడిగింది" అంది దేవవ్వ. "గోరువెచ్చని నీళ్లల్ల చేతులు నానబెట్టి, గోర్లు సాపు చేసి, రెండు పూతలేసిన. బొంబాయిల గిట్ల చేపిచ్చుకునేతందుకు దుకాన్లకు పోతరు తెల్సా?"

"ఎన్ని దినాలుంటది గా రంగు?" అడిగింది లస్మవ్వ.

"వారం. మహా అంటే పది దినాలు."

"పది దినాల సోకుకు రెండు నెల్ల సంది పెంచిన గోరు కోసుకుంటరా ఎవలన్న?"

దేవవ్వ రంగు సీసాను కొంగు చాటున దాచుకుంది.

చెయ్యి జారిపోతున్న సంబంధాన్ని ఎలాగైనా నిలబెట్టాలని మొండయ్య తాపత్రయం. దీనికోసం అతను నాలుగు ఊళ్లు తిరిగాడు. పిల్లవాడు తాలూకా కచ్చేరిలో గుమాస్తా అని చెప్పారు. పైగా సక్కుబాయి నోరు తెరిచి "చేసుకుంటే గాయన్నే చేసుకుంట" అన్నది ఈ ఒక్క పిల్లవాడి విషయంలోనే.

"గోరు లేకున్నా చేస్తది అక్కా. చెయ్యి తిరిగిన పిల్ల. కావాల్నంటే చూడు" అని బీడీల చాట తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

సక్కుబాయి తునికాకు తీసింది, తంబాకు పోసింది, చకచకా చుట్టింది. మూతి మడవబోతే వేలి కొస జారింది, మూతి విచ్చుకుంది. రెండోదీ అంతే. మూడోదానికి ఆకే చిరిగింది. ఒక్కసారి తలెత్తి దశరథం వైపు చూసి, మళ్లీ చాటలోకి చూపు దించుకుంది.

లస్మవ్వ కొంగు సర్దుకుంది.

"మా పిలగాడు కచ్చేరిల కలం పట్టెటోడు. వాడు చాట ముందల కూసోడు గద అన్నా? కోడలు బీడీలు చేస్తెనే మా ఇల్లు నడుస్తది. ఏమనుకోకు. లే కొడుకా, పోదాం."

దశరథం లేచాడు. గుమ్మం దాకా వెళ్లాడు. మొండయ్య తల పట్టుకున్నాడు. సక్కుబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. పట్టుమని పది రోజులు నిలవని రంగుకోసం ఆడపడుచు బతుకు ఆగం చేశానే అని దేవవ్వ తనను తానే తిట్టుకుంది.

"జర ఆగు అవ్వా" అన్నాడు దశరథం.

వెనక్కి తిరిగి వచ్చి, చాటకు ఇవతల చతికిలబడ్డాడు.

"నువ్వు చుట్టు" అన్నాడు సక్కుబాయితో, మెల్లగా.

ఆమె చుట్టి ఇచ్చింది. అతను అందుకుని బొటనవేలి గోరుతో చుట్టూ నాలుగు నొక్కులు నొక్కాడు. మూతి చక్కగా మూసుకుంది. ఇంకోటి. ఇంకోటి. ఆమె చుట్టడం పూర్తి కాకముందే అతని చెయ్యి వచ్చేస్తోంది.

"దశరథం!" అని గద్దించింది లస్మవ్వ.

మొండయ్య వంగి ఆ చేతిని చూశాడు. పెళ్లికొడుకు గోళ్లు ఎవరు చూస్తారు? ఇంతసేపూ అతనూ చూడలేదు.

"కచ్చేరిల బీడీలు గూడ చేపిస్తరా పిలగా?"

"కచ్చేరి లేదు ఏం లేదు మామా" అన్నాడు దశరథం తల ఎత్తకుండానే. "పదేండ్ల సంది కార్ఖానల గిదే పని. ఆడోళ్ల పని చేస్తడంటే ఎవలూ పిల్లనియ్యరని మా అవ్వ గట్ల చెప్పిచ్చింది. నేను ఊకున్న. తప్పు నాదే. ఆమె గోర్లు మాత్రం గట్లనే ఉండనియ్యుండ్రి. మా ఇంట్ల మూతులు మడిచేతందుకు నా గోరున్నది."

మొండయ్యకు కోపం నషాళానికి అంటింది.

"అబద్ధం చెప్పి పిల్లను చేసుకపోదామనుకున్నరా? నువ్వు లోపలికి నడువు బిడ్డా!"

సక్కుబాయి కదల్లేదు. ఇంకో బీడీ చుట్టి దశరథం చేతిలో పెట్టి, ఇంతసేపటికి మొదటిసారి నవ్వింది.

"ఆయన కార్ఖానల బీడీలు చేస్తడని నాకు ముందుగాల్నే తెల్సు బాపూ. బీడీలు అప్పజెప్ప పోయినప్పుడు ఆడనే చూసిన. నిజం ఆయన నోటితోని చెప్తడా లేదా చూద్దామనే గోరు కోపిచ్చుకున్న."