తిరగేసిన గొంతు

“మావయ్యా, లండన్ సీడీ మీద నీ పేరు సూడు!”

బిందుమాధవి అట్ట తిప్పి చూపించింది. గొడుగు పట్టుకున్న చేప బొమ్మ. వెనక కృతజ్ఞతల వరసలో చిట్టచివర: అప్పలరమణ, నావికుడు, అనకాపల్లి.

అప్పలరమణ అట్టని పక్కకి నెట్టేశాడు.

భార్య సత్యవేణి కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. బిందు ఆమె మేనకోడలు. విశాఖ రేడియోలో ఉద్యోగం. పాత పాటలంటే పిచ్చి.

“అరవై తొమ్మిదిలో రికార్డుగా వచ్చిందంట. అప్పుడెవడూ కొన్నేదు. ముప్పై ఏడేళ్లకి మళ్లీ తవ్వి తీసేరు. నాలుగో పాటలో నీ గొంతుందంట. ఎప్పుడూ సెప్పనేదేటి?”

“తాగి ఏదో వాగేను. ఆపీ.”

బిందు అప్పటికే సీడీ పెట్టి మీట నొక్కేసింది. గిటారు మూలిగింది.

ఓడ లండన్ రేవులో మరమ్మతుకి ఆగినప్పటి మాట. సారా కొట్టులో కలిసిన పొడుగు జుట్టు కుర్రాళ్లు అతన్ని స్టూడియోకి తీసుకెళ్లారు. నీ భాషలో ఏదైనా మాట్లాడు అన్నారు. అక్కడ తెలుగు తెలిసినవాడెవడు? నెల్లాళ్లుగా గుండెల్లో కుక్కుకున్నదంతా మైకులో కక్కేశాడు.

ఎదురుగా గోడ మీద సన్యాసిరావు ఫోటో. సత్యవేణి మొదటి మొగుడు. అదే ఓడలో అప్పలరమణకి జత. ఆ ప్రయాణంలోనే, లండన్ చేరడానికి నెల ముందు, సముద్రంలో పడిపోయాడు. కబురు మోసుకొచ్చింది అప్పలరమణే. రెండేళ్లు పోయాక ఆమెను మారుమనువు చేసుకున్నదీ అతనే. ఆ ఫోటోకి ఆమె రోజూ పువ్వు పెడుతుంది. అతని మంచం సరిగ్గా దానికెదురుగా వేస్తుంది. అక్కడ గాలి బాగా వస్తుందంటుంది.

నాలుగో పాట మొదలైంది.

డ్రమ్ముల వెనక నుంచి ఒక గొంతు లేచింది. అతనిదే. కానీ మాటలు మాటల్లా లేవు. మునిగిపోతున్నవాడు నీళ్లు మింగుతున్నట్టున్నాయి.

“టేపు తిరగేసి కలిపేరు మావయ్యా. అప్పట్లో అదో సరదా.”

అతనికి ఊపిరి వచ్చింది. ఆ వెర్రి కుర్రాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టాడు.

“నా లాప్‌టాప్‌లో వేత్తే నిమిషంలో తిన్నగా అయిపోద్ది. అత్తా, మీ ఆయన ఏటి వాగేడో విందామా?”

“వద్దు!”

ఆ కేక వీధిలోకి వినబడింది. లేవబోయాడు.

“అబ్బో, సిగ్గే!” నవ్వుతూ లాప్‌టాప్ తెరిచింది బిందు.

కత్తిపీట చప్పుడు ఆగింది. సత్యవేణి కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒకసారి ఫోటో వైపు చూసింది.

“మూసీవే బిందూ, ‘సన్యాసిగాడ్ని నేనే తోసేను’ అని ఈయన ముప్పై అయిదేళ్లుగా నిద్దట్లో నాకు సెప్తూనే ఉన్నాడు.”