చివరి తేనెచుక్క

“ఈ ఆట ఈసారీ ఓడిపోయామంటే నీ చోట్లో ఇంకొకర్ని పెడతాను మరదలా. తర్వాత ముఖం మాడ్చుకోకు,” అన్నాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు, ఫోను చార్జరు పీకుతూ.

మరదలు నర్సు. ఇంకా యూనిఫాం మార్చుకోలేదు. గుడ్డముక్కల గుట్టని పక్కకి నెట్టి చాప మీద కూర్చుంది.

“పెట్టుకోండి బావా. మీ తాబేలు వెల్లకిలా పడ్డప్పుడల్లా లేపిందెవరో కూడా ఆ వచ్చినవాళ్లకి చెప్పండి.”

“లేపావు. అక్కర్లేనప్పుడు లేపావు. అక్కరొచ్చేసరికి నీ దగ్గర చుక్క లేదు.”

కుట్టుమిషను ముందు కూర్చున్న అక్క నోట్లోంచి గుండుసూదులు తీసి, తన ఫోనుని మిషనుకి ఆనించింది. “మొదలుపెట్టండి. మీ ఇద్దరి కొట్లాట అయ్యేలోపు నేను రెండు చొక్కాలు కుట్టేస్తాను.”

నర్సు నవ్వింది గానీ ఫోను పట్టుకున్న వేళ్లు బిగిశాయి. క్యాజువాలిటీలో డ్యూటీ దిగి వచ్చాక ఆమె నోరు విప్పి మాట్లాడేది ఈ ఆట దగ్గరే. ఈ చోటు పోతే హాస్టలు గదికి వెళ్లి గోడ చూస్తూ కూర్చోవాలి.

ఫోన్లో ఆడే ఈ ఆటలో ఎవరి జంతువుని వాళ్లే పట్టి పెంచుకోవాలి. గుంపులో మూడింటికే చోటు. మాస్టారి ఇనుప తాబేలు ముందు నిలబడి దెబ్బలు కాస్తుంది. అక్క తేలు వెనక నుంచి కుడుతుంది. నర్సు తేనెపిట్ట ఒక తేనెచుక్క రాలిస్తే, అది పడ్డ జంతువుకి ప్రాణం తిరిగొస్తుంది. మళ్లీ చుక్క ఊరడానికి చాలాసేపు పడుతుంది. ప్రతిదాని ప్రాణమూ తల మీద ఎర్రగీతగా కనిపిస్తుంది. గీత చెరిగితే ఆట అయిపోయినట్టే.

ఎదురుగా గండశిల. నడిచే కొండ. దాని గీతని సన్నబడేదాకా తెచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడది కాలెత్తి ఒక్క తొక్కు తొక్కుతుంది. ఆ తొక్కుడుకి మిగిలిన గుంపు లేదు. దాన్ని చంపినవాళ్లు లేరు, పట్టినవాళ్లు అసలే లేరు. ఈ సాయంత్రంతో అది ఆటలోంచి వెళ్లిపోతుంది.

“వినండి,” అన్నాడు మాస్టారు. “మనం ఇన్నాళ్లూ బండెక్కిన దగ్గర్నుంచి యాక్సిలరేటరే తొక్కుతున్నాం. ఇవాళ నేను కొట్టను, కాస్తాను. తేలు మెల్లగా కుట్టాలి. నువ్వు చుక్క దాచాలి. గండశిల కాలెత్తగానే చుక్క నా తాబేలుకి. ఆ ఒక్క తొక్కుడు తట్టుకుంటే చాలు, ఇంకో కాటుతో అయిపోతుంది.”

“ఈలోపు నా తేలు చస్తుంటే?” అంది అక్క.

“చావదు. వగలు పోతుంది.”

“పెంచినవాళ్ల పోలిక అనబోయారు కదా. అనండి, రాత్రికి వంట మీదే.”

మాస్టారు తెర నొక్కాడు. ఆట మొదలైంది.

అతని అంచనా తప్పలేదు. గండశిల కొట్టిన ప్రతిసారీ తాబేలు డిప్పలోకి ముడుచుకుంది. ఆ సందులో తేలు కుట్టి పక్కకి తప్పుకుంది. తేలు గీత సగానికి పడింది. నర్సు బొటనవేలు లేచింది.

“ఉండు. క్లచ్చు వదలకు,” అన్నాడు మాస్టారు, పక్క సీట్లో నేర్చుకునేవాళ్లకి చెప్పినట్టు.

ఆమె వదల్లేదు. గండశిల గీత వెంట్రుకంత అయింది. కొండ కాలెత్తింది.

“ఇప్పుడు.”

చుక్క రాలింది. తాబేలు గీత పెరగలేదు. గండశిల గీత పెరగడం మొదలైంది.

“దానికి పోశావా?” మాస్టారు ఆమె ఫోనులోకి వంగి చూశాడు.

తెర మీద నాలుగు గీతలున్నాయి. అన్నిటికన్నా సన్నగా ఉన్నదాని మీద ఆమె వేలు పడింది. అది ఎవరిదో చూడలేదు. స్ట్రెచర్లు వరసగా దిగుతున్నప్పుడు క్యాజువాలిటీలోనూ ఎవరని చూడదు.

“చెయ్యి వెళ్లిపోయింది బావా.”

మాస్టారు ఫోను కింద పెట్టబోయాడు.

“ఉండండి,” అంది అక్క.

ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. తర్వాత నెమ్మదిగా, తాబేలుని తప్పించి, పక్కన దిగింది. కొండ మోకాళ్ల మీద కూలబడింది. వీపు మీది బండలు ఒక్కొక్కటే జారి పడ్డాయి. వాటి కింద పచ్చిక ఉంది. దానికి తల ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఇప్పుడు రాళ్ల మధ్య నుంచి తల బయటికొచ్చింది, రెండు కళ్లు తెరుచుకున్నాయి. ఆ తలని అది తేనెపిట్ట ముందు నేలకి ఆనించింది. పిట్ట ఎగిరి దాని మీద వాలింది. కొండ లేచి, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ, వీళ్ల వైపు వచ్చి నిలబడింది.

మిషను చక్రం మీద అక్క చెయ్యి అలాగే ఉండిపోయింది. మాస్టారు ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నాడు, నిండు గిన్నె పట్టుకున్నట్టు.

“ఇన్ని లక్షల మంది ఆడారు,” అన్నాడు. “ఒక్కరికీ తోచలేదు.”

“నాకూ తోచలేదు బావా.”

తెర మీద అక్షరాలు వచ్చాయి. గండశిల మీ గుంపులో చేరింది. గుంపులో మూడింటికే చోటు. నాయకుడు ఒకరిని తప్పించాలి.

నాయకుడు మాస్టారే. నర్సు ఆ అక్షరాలు చదివి, బ్యాగు దగ్గరికి లాక్కుంది.

“మాట మాటే బావా. చుక్క మీరు చెప్పినవాళ్లకి పోయలేదు. నేనేం అనుకోను.”

మాస్టారు తల ఎత్తలేదు. అతని వేలు తెర మీదికి వెళ్లింది, ఆగింది, ఒక బొమ్మని నొక్కింది.

నర్సు తన ఫోను చూసుకుంది. తేలు ఉంది. కొండ ఉంది. కొండ మీద పిట్ట ఉంది. తాబేలు లేదు.