పెద్దమ్మ నేర్పిన పాట

సర్పంచి నీరజ, చనిపోయిన తన తల్లి నుదుట కుంకుమ దిద్దింది. బతికినన్నాళ్లూ బొట్టు ఎరగని నుదురు అది.

"పాస్టరు రాకూడదు, పాట వినపడకూడదు. క్రైస్తవులని కోర్టులో తేలిందంటే ఎస్సీ హోదా ఉండదమ్మా, పదవి ఊడుతుంది," అని తెనాలి లాయరు ముందే హెచ్చరించాడు.

ఎస్సీలకు కేటాయించిన అదే సర్పంచి సీటుకు పోటీచేసి ఓడిపోయి, ఆ కేసు వేసిన ప్రకాశం ఆమెకు పిన్ని కొడుకే. గోతికి అవతల నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు.

శవం మీద మట్టి పడుతోంది. రేపల్లె నుంచి వచ్చిన చుట్టాలు తలలు దించుకున్నారు.

ప్రకాశం ఉన్నట్టుండి ఫోను జేబులో పెట్టేశాడు.

"పాడక్కా. పెద్దమ్మను ఇట్టా దిక్కులేనిదాన్ని పంపినట్టు పంపుతావా?"

"మాకు పాటలు రావు."

"సండే స్కూల్లో మనిద్దరికీ నేర్పింది పెద్దమ్మేగా!"

నీరజ ఒంగి గుప్పెడు మట్టి తీసి గోతిలో వేసింది. ఆఖరికి ప్రకాశమే గొంతెత్తాడు. కళ్లు మూసుకుని, వెక్కుతూ, ప్రభువు పాట ఒక్క చరణమైనా వదలకుండా పాడాడు.

పాడటం అయ్యాక కళ్లు తెరిచాడు. నీరజ కూడా ఏడుస్తోంది.

ఏడుస్తూనే, అతణ్ణి తన ఫోనులో వీడియో తీస్తోంది.