రెండు పెన్సిల్ సెల్స్

"దొంగాట ఆడింది ఆ పిల్ల. చూసి కూడా నోరు మూసుకున్నది మీరు. ముందు మిమ్మల్నే నిలదీయాలి ఎజే!"

మిర్లాన్ కుర్చీలోంచి లేచి మరీ అన్నాడు. బిష్కెక్‌లోని ఆ వీడియోగేమ్ క్లబ్ ఇంకా తలుపులు తీయలేదు. లోపల ఇద్దరే ఉన్నారు. ఒకరు పోటీకి పెద్ద జడ్జి దామిరా. వయసులో పెద్దది కాబట్టి ఆడేవాళ్లందరికీ ఎజే, అంటే అక్క. రెండోవాడు, సెమీఫైనల్ గెలిచేశానని ఊరంతా చెప్పుకుంటున్న ఈ మిర్లాన్.

మూడో మనిషి గోడ మీది టీవీలో ఉంది. మనిషి కూడా కాదు, రెండు చేతులు. అవి దూరంగా నారిన్ ఊళ్లో ఉన్న బెర్మెత్ చేతులు.

ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడే పోటీలో కెమెరా చేతుల మీదే ఉండాలి. వేళ్లు కనిపిస్తే మోసం దాగదని రూలు. అందుకే ఎనిమిది నెలలుగా బెర్మెత్ అంటే అందరికీ ఆ చేతులు, ఆ గొంతు. అంతే.

తగవు ఇదీ. సెమీఫైనల్లో మిర్లాన్, బెర్మెత్ చెరో రౌండు గెలిచారు. మూడోది సగంలో ఉండగా బెర్మెత్ కంట్రోలర్ చచ్చింది. బ్యాటరీ అయిపోయింది. తెర మీద ఆమె బొమ్మ కొయ్యలా నిలబడిపోతే మిర్లాన్ బొమ్మ నాలుగు గుద్దులు గుద్ది పడగొట్టింది. ఆ రౌండు మళ్లీ ఆడించమని, ఈసారి తన పాత కంట్రోలర్‌తో ఆడనివ్వమని బెర్మెత్ అర్జీ పెట్టింది. ఒప్పుకుంటే ఫైనల్‌కి దారి ఉంటుంది. మోసమని తేలితే పోటీలోంచే గెంటేస్తారు.

ఆ చచ్చినదాన్ని పోటీకి డబ్బు పెట్టిన కంపెనీ సెమీఫైనల్‌కని కొత్తగా పంచింది. బ్యాటరీని లోపల పెట్టి అతికించేశారు. తీయడానికి లేదు, మార్చడానికి లేదు. వైరు పెట్టి చార్జి చేసుకుని చావాలి. ఆడేటప్పుడు వైరు కనబడకూడదట, అదో ముచ్చట కంపెనీకి. బెర్మెత్ పాతదానికైతే వెనక ఒక మూత, అందులో రెండు పెన్సిల్ సెల్స్. అయిపోతే తీసి పారేసి కొత్తవి వేసుకోవచ్చు.

"ఆ మూతలోనే ఉంది మర్మమంతా" అన్నాడు మిర్లాన్. "ప్రతి ఆటకీ ముందు కొత్త సెల్స్ వేస్తుంది. పాతవి సగం కూడా అయ్యుండవు. సెల్స్ ఏమైనా చెట్టుకి కాస్తున్నాయా నారిన్‌లో? ఆ వంకతో లోపల ఏదో పెడుతోంది."

నిన్న బెర్మెత్ నారిన్ టాక్సీలో పంపించిన పాత కంట్రోలర్ దామిరా ముందే, స్క్రూలు ఊడదీసి ఉంది. తనే విప్పింది. ఏమీ దొరకలేదు. అయినా అనుమానం పోలేదు. పంపేముందు తీసేసి ఉండొచ్చుగా?

పాత ఆటల వీడియోలు కూడా తిప్పి తిప్పి చూసింది. సెల్ వేసేముందు బెర్మెత్ బొటనవేలు దాని కొనను ఒకసారి తడుముతుంది. ప్రతిసారీ. ఎవరికైనా సైగా? పైగా ఆటలో సంగీతం ఆపేస్తుంది. చెవిలో ఎవరైనా చెబుతున్నారా?

"సంగీతం ఎందుకు ఆపుతావమ్మా?"

"గోల ఎజే. ఎటునుంచి మీదపడతారో తెలీదు."

మిర్లాన్ పకపకా నవ్వాడు. "ఇద్దరే కొట్టుకునే ఆటలో ఇంకెవరొస్తారు తల్లీ, మీ మేనమామా?"

"నువ్వే వస్తావు. దూకేముందు నీ బొమ్మ కాలు ఈడుస్తుంది. అందుకే మొదటి రౌండులో నలభై సెకన్లకే తన్నులు తిన్నావు."

"విన్నారా ఎజే! నా బొమ్మ కాలు ఈడుస్తుందని నాకే తెలీదు. దీనికెవరు చెప్పారు?"

దామిరా ముందుకు వంగింది. "బెర్మెత్, సూటిగా అడుగుతున్నా. కొత్తది ఇచ్చినా ఆ పాతదే ఎందుకు కావాలి? ఒక్క కారణం చెప్పు."

టీవీలో చేతులు కంపెనీ కంట్రోలర్‌ను దగ్గరికి లాక్కున్నాయి.

"కారణం చెబితే, రేపు నేను గెలిచినా గెలవనిచ్చాం అంటారు."

"చెప్పకపోతే గెంటేస్తాను. కాగితం సిద్ధంగానే ఉంది."

"రాత్రంతా చార్జి పెట్టాను ఎజే. వైరు పూర్తిగా దిగలేదనుకుంటా" అంది బెర్మెత్.

"దొరికావు!" మిర్లాన్ బల్ల మీద చరిచాడు. "వైరు దిగకపోతే లైటు వెలగదు, చిన్నపిల్లలకి కూడా తెలుసు. సరే, అది వదిలేయ్. ఆటలో పది నిమిషాలు ఎర్రలైటు మిణుకుమని మొత్తుకుంది, నీ చేతుల్లోనే! ఇక్కడ క్లబ్‌లో టీ ఇచ్చే ముసలాయనకి కూడా కనబడింది. ఒక్కసారి చెయ్యెత్తి ఆపమంటే ఆపేవాళ్లం కదా? కావాలనే చచ్చేదాకా ఆడావు. నీ దొంగడబ్బా మళ్లీ తెచ్చుకోవడానికి!"

దామిరా ఆ వీడియో పెట్టింది. నిజమే. రెండు బొటనవేళ్ల మధ్య ఎర్రలైటు, ఆరుతూ వెలుగుతూ. పొరపాటున చూడలేదనడానికి వీల్లేదు. ఇంక అనుమానమే లేదు, మోసమేననుకుంది దామిరా. కాగితం మీద సంతకానికి పెన్ను మూత తీసింది.

"ఇది మాత్రం నేనూ చూశాను బెర్మెత్. దీనికేమంటావు?"

టీవీలో చేతులు కంట్రోలర్‌ను పక్కన పెట్టాయి.

"నేను పుట్టుగుడ్డిని ఎజే, నా కంట్రోలర్ బిగించి ఇవాళ్టి టాక్సీకే వెనక్కి పంపండి, ఆ మూడో రౌండు రేపే ఆడించండి."